డల్సీ నకమర్రా పాటించిన దూరం

డల్సీ నకమర్రా తన అల్లుడి మొహం చూసి పదకొండేళ్ళయింది. అతని పేరు ఆమె నోట రాదు, ఆమె పేరు అతని నోట రాదు. గొడవేమీ లేదు. ఆ ఎడారి ఊళ్ళో అత్తా అల్లుడూ అలాగే ఉండాలి, అంతే. కొట్లోకి ఒకరు వస్తే రెండోవారు పక్క తలుపు చూసుకోవాలి. అది మర్యాద. కంగారూను వేటాడి తెచ్చినప్పుడల్లా అల్లుడు అత్తగారి వాటా మర్చిపోకుండా పెళ్ళాం షరెల్ చేతికిచ్చి పంపేవాడు.

మొహం చూడకపోయినా అతని అడుగుల జాడ ఆమెకు కొట్టినపిండి. ఎదురుపడకుండా తప్పుకోవాలంటే ముందు మట్టిలో జాడ చూసుకోవాలి కదా. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున్న కుళాయి దగ్గర ఆ జాడ చూసి ఆమె బిందె దించేసింది. పాదం వెడల్పయింది. వేళ్ళ గుర్తులు ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. మడమ ఈడుస్తోంది.

కాళ్ళు వాచాయన్నమాట. ఆమె మొగుడికీ ఇలాగే మొదలైంది. కిడ్నీలు పోయాయని తెలిసేసరికే ఆలస్యమైపోయి, ఇంటికి మూడు వందల కిలోమీటర్ల అవతల, ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో, రక్తం శుద్ధి చేసే మెషీను పక్కన పోయాడు. నలభై ఆరేళ్ళవాడు. డల్సీకి ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

క్లినిక్‌లో నేల తుడవడానికి చేరి, చదువుకుని ఆరోగ్య కార్యకర్త అయిన మనిషి ఆమె. దేశంలో మిగతావాళ్ళు బతికినన్నేళ్ళు మన ఆదివాసులు బతకడం లేదు, ఆ దూరం తగ్గిద్దాం అని ఆ ఏడు మార్చిలో ప్రచారం మొదలుపెట్టినప్పుడు ఊళ్ళో డల్సీనే ముందు నిలబెట్టారు. క్లినిక్ తలుపు మీద ఆమె నిలువెత్తు ఫొటో. రేడియోలో గంటకోసారి ఆమె గొంతు: "రండర్రా, కిడ్నీ పరీక్ష చేయించుకోండి." ఊరు ఊరంతా కదిలింది. రావలసినవాడు మాత్రం రాలేదు.

"ఎలా వస్తాడమ్మా?" అని షరెల్ విరుచుకుపడింది. "రేడియో పెడితే నువ్వు. ఆపేసి బయటికి పరిగెత్తాడు. క్లినిక్‌కి పోదామంటే గుమ్మానికి నువ్వే వేలాడుతున్నావు, పళ్ళికిలించుకుని. లోపల సూది పట్టుకుని మళ్ళీ నువ్వే!"

"నోర్ముయ్‌వే. నవ్వమన్నారు, నవ్వాను."

కసిరిందే గాని డల్సీకి అప్పుడు అర్థమైంది. ఊరందర్నీ పిలిచిన గొంతే తన ఇంటి మనిషికి అడ్డమైంది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉండి ఆ సంగతి తనకు తట్టనేలేదు.

గురువారం ప్రచార సభ. విమానంలో పెద్దలు వస్తున్నారు, వాళ్ళతో పాటు కిడ్నీల డాక్టరూ వస్తున్నాడు. డల్సీ పొద్దున్నే వెళ్ళి తలుపు మీది తన ఫొటో ఊడబీకి, చుట్టచుట్టి బీరువా వెనక పడేసింది.

"పిన్నీ, ఏంటిది?" నర్సు గ్వెన్ పరుగున వచ్చింది. ఆ తెల్లపిల్ల ఊరికొచ్చి ఏడు నెలలే అయింది.

"ఇవాళ నేనిక్కడ ఉండను."

"అయ్యో, వాళ్ళంతా మీ మాట వినడానికే వస్తున్నారు!"

"దూరం తగ్గిద్దామని రాసింది మీరే కదా? మా ఇంట్లో ఒకడున్నాడు. నేను దూరంగా ఉంటేనే అతనికి ఆ దూరం తగ్గేది. ఆ డాక్టరు మళ్ళీ రావాలంటే మూడు నెలలు పడుతుంది. నా మాటదేముంది, ఎప్పుడైనా చెప్తాను."

గ్వెన్ మొహం ఎర్రబడింది. "మగవాళ్ళు వేరేగా రావడానికున్న తలుపు కూడా మేమే మూసేశాం పిన్నీ, అట్టపెట్టెలు పెట్టుకోడానికి."

"తెరువు మరి. చూస్తావేం?"

డల్సీ ఒక కుర్చీ తీసుకుని ఎదురుగా ఉన్న ఫుట్‌బాల్ మైదానం నడిమధ్యకు వెళ్ళింది. క్లినిక్ వైపు వీపు పెట్టి కూర్చుంది. నీడలో కూర్చుంటే ఆమె ఎక్కడుందో అతనికి తెలియదు. తెలియకపోతే అడుగు బయటపెట్టడు. ఇక్కడైతే ఊళ్ళో ఏ మూల నుంచి చూసినా కనిపిస్తుంది.

వెనక చప్పట్లు వినిపించాయి. ఎవరో ఉపన్యాసం దంచుతున్నారు. టీ కప్పుల చప్పుడు. ఎండ నెత్తికెక్కింది. అతను వచ్చాడో లేదో తిరిగి చూడటానికి లేదు. ఒక్కసారి తల తిప్పితే అంతా పాడు. మొగుడి దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు.

రెండు గంటలు దాటాక షరెల్ వచ్చి ముందు నిలబడింది.

"వచ్చాడా?"

"వచ్చాడు. మగవాళ్ళ గుమ్మంలోంచి." షరెల్ ఆమె ముందు మట్టిలో చతికిలబడింది. "కిడ్నీలు సగం పోయాయంటమ్మా. మిగతా సగాన్ని కాపాడొచ్చంట. రోజూ మాత్రలు మింగాలి. మానకపోతే మెషీను దాకా పోకుండా ఏళ్ళు లాగొచ్చన్నాడు డాక్టరు."

డల్సీ గట్టిగానే ఏడ్చింది. మైదానంలో ఎవరు చూసినా ఆమెకు పట్టలేదు.

"పోతూ నీ గురించి ఒక మాటన్నాడు," అంది షరెల్.

పదకొండేళ్ళలో అల్లుడి దగ్గర్నుంచి ఆమెకు ఒక్క మాటా రాలేదు.

"ఏమన్నాడు?"

"'అక్కడ కూర్చున్నావిడ ఎండకి మాడిపోతోంది, మంచినీళ్ళిచ్చి నీడకి తీసుకుపో' అన్నాడు."

 డల్సీ మొహం తుడుచుకుంది.

"వీధి దాటాడేమో చూడవే," అంది. "దాటాక లేస్తాను."