జంక్షన్ బస్సులో మామిడి ట్రఫుల్స్

ఆ రోజుల్లో నాకు ఫోన్‌లో ఒక్క వీడియో చూస్తే చాలు, ఆ విద్య వచ్చేసినట్టే లెక్క. ఆ రోజులంటే మరీ తాతలనాటివేం కాదు. డేటా చవకై, డిగ్రీ అయ్యి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలమందరం ఉన్నట్టుండి మహాపండితులమైపోయిన కాలం. అన్నం వార్చడం సరిగ్గా రాకుండానే నేను కేకులు, రకరకాల జడలు, మగ్గం పని, కొరియా భాషలో పలకరింపులు అన్నీ నేర్చేసుకున్నాను. (కొరియా వాళ్ళెవరూ మా ముసునూరు వైపు రాలేదు కాబట్టి ఆ ఒక్క విద్యలో మాత్రం నా పరువు ఇప్పటికీ భద్రంగా ఉంది.) ఇప్పుడు ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఏం ధైర్యమండీ బాబూ దానిది!

మాది మామిడితోటల ఇల్లు. మా నాన్నకి ఒక్కతే చెల్లెలు, ఆవిణ్ణి హనుమాన్ జంక్షన్లో ఇచ్చారు. ఏటా వేసవిలో తోటలో మంచి చిన్నరసాలు ఏరి, గడ్డిలో ముగ్గేసి, వెదురుగంపలో సర్ది, నాన్న స్వయంగా తీసుకెళ్ళి చెల్లెలింటి అరుగు మీద దించాలి. పంపించడం కాదు, దించడం. అక్కడ అత్తయ్యవాళ్ళ అత్తగారు, మేమందరం జంక్షన్ మామ్మగారు అని పిలుచుకునే పెద్దావిడ, మడతమంచం మీద కూర్చుని గంప విప్పించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళని కేకేసి, "మా పెద్దకోడలి పుట్టింటి కాయ" అంటూ పంచిపెడతారు. ఆ ఒక్క పూట మా అత్తయ్య నడకే వేరుగా ఉంటుందిట. ఎందుకుండదూ? ఆవిడ తోటికోడలిది ఆత్రేయపురం దగ్గర. పండగ పండక్కీ వాళ్ళ పుట్టింటి నుంచి పూతరేకుల పెట్టెలు దిగుతాయి. మా అత్తయ్యకి ఏడాది మొత్తానికీ ఉన్న గొప్ప ఆ గంపొక్కటే.

అలాంటిది ఆ ఏడు, కాయ సరిగ్గా పక్వానికొచ్చే సమయానికి ఈదురుగాలి కొట్టింది. పొద్దున్నే తోటలోకి వెళితే చెట్ల మీదకన్నా చెట్ల కిందే ఎక్కువ కాయలున్నాయి. మాకే కాదు, చుట్టుపక్కల అందరిదీ అదే కథ. రాలిన పచ్చికాయ పచ్చళ్ళకి పోగా, ముగ్గేయడానికి మిగిలిన చిన్నరసాలు ఒక పళ్ళెంలో పట్టాయి. నాయనమ్మ కూతురి మీద బెంగతో, "పోనీ మార్కెట్లో కొని తీసుకెళ్ళరాదురా" అంది. నాన్న ఇంతెత్తున లేచాడు. "కొన్న కాయ పుట్టింటి కాయ అవుద్దా అమ్మా? ఆ మామ్మగారు వాసన చూసి ఏ ఊరి కాయో చెప్పేస్తది. ఈ ఏడు నేను వెళ్ళను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావ్?" అని మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గాలివాన వచ్చిన రోజున కూడా ఆయన అలా పడుకోలేదు. అది చూశాక నా నోరు ఊరుకోదు కదా, "నాన్నా, గంప నిండకపోతే పోనీ, డబ్బా నింపుదాం. ఆ పళ్ళతో నేను ట్రఫుల్స్ చేస్తా. అత్త పరువు నాకొదిలెయ్" అనేశాను.

ట్రఫుల్స్ అంటే ఏంటో ఇంట్లో ఎవరికీ తెలియదు. (నాకూ ముందురోజే తెలిసింది.) చాక్లెట్టు, మీగడ కలిపి కరిగించి, అందులో పండ్లరసం వేసి, చల్లారాక చిన్న చిన్న ఉండలు చుట్టి, పైన కోకోపొడి అద్దుతారు. వీడియోలో ఒక అమ్మాయి గోళ్ళకి రంగు కూడా చెదరకుండా చేసేసింది. నూజివీడులో ఒక బేకరీ ఆయన్ని బతిమాలి పెద్ద చాక్లెట్టు పలక తెచ్చాను. ఆ అమ్మాయి చెప్పిన క్రీము దొరక్కపోతే ఏమైంది, మా గేదె ఉంది కదా, మీగడ తీశాను. "ముందు ఒక్కటి చేసి చూడవే" అంది అమ్మ. ప్రపంచంలో అమ్మలందరూ ఇచ్చే ఈ సలహాని ప్రపంచంలో కూతుళ్ళందరూ ఏం చేస్తారో నేనూ అదే చేశాను.

అంతా బాగానే జరిగేది, ఒక్క చోట పౌరుషం అడ్డొచ్చింది. ఆ వీడియో అమ్మాయి రసాన్ని బాగా చిక్కబడేదాకా ఉడికించి, రెండంటే రెండు చెంచాలు వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మామిడిపండు మొహం చూడని ఊరిదై ఉంటుంది పాపం, అలా వేస్తుంది. మేం పెళ్ళి భోజనాల్లో రసం చెంబులతో పోసేవాళ్ళం! పైగా చిన్నరసాన్ని పొయ్యి మీద పెడితే వాసన పోదూ? పళ్ళెంలో ఉన్న పళ్ళన్నీ పిండి, పచ్చిరసం పచ్చిరసంగానే గిన్నెలో కుమ్మరించాను. నాయనమ్మ గుమ్మంలోంచి చూసి, "అదీ! ఆడపిల్ల ఇంటికి పంపేటప్పుడు చెయ్యి అలా ఉండాలి" అని మెచ్చుకుంది. మా వంశంలో లోభులు లేరని రుజువైంది గానీ, ఆ గిన్నెలోది మాత్రం గట్టిపడనని మొండికేసింది. ఫ్రిజ్‌లో మీగడా పాలూ అన్నీ బయట పెట్టేసి దాన్నొక్కదాన్నే లోపల పెడితే, రాత్రంతా చలికి వణికి తెల్లారేసరికి ఎలాగో ముద్దయింది.

ఉండలు చుట్టే దగ్గర నాయనమ్మ రంగంలోకి దిగింది. నేను ఉసిరికాయంత చుడుతుంటే చేతిమీద ఒక్కటి వేసి, "మన పిల్ల అత్తారింటికి ఇంతింత ఉండలా? నవ్విపోతారే" అని, చేతులకి నెయ్యి రాసుకుని సున్నుండల సైజులో చుట్టేసింది. కోకోపొడి అద్దాక వాటివంక అనుమానంగా చూసి, "చూడ్డానికి మాడిన సున్నుండల్లా ఉన్నాయి గానీ, రుచికి బానే ఉన్నాయి" అని తీర్పు చెప్పింది. ఆవిడ జంతికలు పోసుకునే పెద్ద స్టీలు డబ్బాలో సర్ది, మూతకి నేను ఎర్ర రిబ్బను కట్టాను. నాన్న లేచి వచ్చి డబ్బాని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వే వెళ్ళి ఇచ్చి రా అమ్మా. నేను రాలేను" అన్నాడు. బండి మీద నూజివీడు బస్టాండులో దింపి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

మే నెల మిట్టమధ్యాహ్నం. నాకు దొరికింది ఎండవైపు కిటికీ సీటు. ఒళ్ళో స్టీలు డబ్బా. ఈ మూడు వాక్యాల్లో జరగబోయేది మీకందరికీ అర్థమైపోయింది, బీకాం ఫస్టు క్లాసులో పాసైన నాకు మాత్రం అర్థం కాలేదు. కాసేపటికి తొడలు కాలి చున్నీ మడతపెట్టి కింద వేసుకున్నాను. ఇంకాసేపటికి బస్సు మలుపు తిరిగినప్పుడల్లా డబ్బాలో ఏదో ఒకవైపు నుంచి ఇంకోవైపుకి నడుస్తోంది. పక్కసీటు పెద్దాయన చాలాసేపు ఓపికపట్టి, చివరికి ఉండబట్టలేక అడిగాడు. "ఏవమ్మా, కొరమీనులా? బతికే ఉన్నట్టున్నాయే?" కాదండీ, స్వీట్లు అన్నాను. ఆయన డబ్బా వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "స్వీట్లు కదలవు కదమ్మా" అన్నాడు. జంక్షన్ దగ్గర లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయినప్పుడు డబ్బాని మెల్లగా ఊపి చూశాను. గుడగుడమంది. నా ప్రాణమూ గుడగుడమంది. దిగి తిరుగు బస్సెక్కేద్దామా అనుకున్నాను. కానీ వెళ్ళి నాన్నకి ఏం చెప్పను?

అరుగు మీద మామ్మగారు మడతమంచం వేయించుకుని సిద్ధంగా ఉన్నారు. అత్తయ్య వీధిలోకి ఎదురొచ్చి నా వెనక చూసింది, నాన్న కోసం. తర్వాత నా చేతుల్లోకి చూసింది, గంప కోసం. "అన్నయ్య రాలేదేంటే?" అంది. లోపలికెళ్ళి చెబుతాను అత్తా అనేలోపే మామ్మగారు, "ఏంటా డబ్బా? ఇటు తెమ్మను. ఇక్కడే విప్పండి" అన్నారు. గుమ్మంలో తోటికోడలు నిలబడి ఉంది. అత్తయ్య రిబ్బను విప్పి మూత తీసింది. లోపల బురదచెరువు. మధ్యలో నాయనమ్మ గట్టిగా చుట్టిన ఉండలు రెండో మూడో, మునగబోయే గేదెల్లా వీపులు పైకి పెట్టి ఉన్నాయి. అత్తయ్య మొహంలో రక్తం లేదు. భూమి చీలితే నేనే ముందు దూకేదాన్ని, ఆవిడకి చోటు ఉండేది కాదు.

మామ్మగారు వంగి వాసన చూశారు. వేలు ముంచి నాలిక మీద రాసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. "చెంచా తేవే" అన్నారు. ఒక చెంచా అయింది, ఇంకోటి అయింది, తర్వాత మేం లెక్కచూడ్డం మానేశాం. "చిన్నరసం. మీ తోటదే" అన్నారు కళ్ళు తెరిచి. "వీళ్ళ అన్నయ్యకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. ఏటా గంపెడు కాయ దించి పోతాడు. ముచ్చిక కొరకడానికి నాకు పళ్ళేవీ? కోడళ్ళని పిండి పెట్టమని అడగాలంటే నామోషీ. ఊరందరికీ పంచి, వాళ్ళు జుర్రుకుంటుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఇదిగో, ఇప్పటికి నా నోటికి తగ్గట్టు లేహ్యం చేసి పంపాడు!" తోటికోడలు గిన్నె పట్టుకొచ్చి, "కొంచెం పెట్టండి అత్తయ్యా, రుచి చూస్తా" అంటే, "నీకు పూతరేకులు లేవూ?" అని మూత పెట్టేసి డబ్బాని దిండు పక్కకి జరుపుకున్నారు. ఆ ఏడు ఇరుగుపొరుగుని ఎవర్నీ పిలవలేదు. గంప రాలేదన్న సంగతి వీధికి తెలియనే లేదు.

సాయంత్రం బస్సు ఎక్కించడానికి వస్తూ అత్తయ్య దారంతా నవ్వింది. బస్టాపులో మాత్రం ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకుంది. "మూత తీసినప్పుడు నా పై ప్రాణం పైనే పోయిందే. అయినా కాయ లేకపోతే మనిషి కూడా రాకూడదా? నేను ఏడాదంతా చూసేది గంప కోసమనుకున్నాడా మీ నాన్న? రేపు ఉత్త చేతులతో రమ్మన్నానని చెప్పు. రాకపోతే నేనే వచ్చి చెవి పట్టుకు లాక్కొస్తా" అంది. నాన్న మర్నాడే వెళ్ళాడు. అంత వయసులో మొదటిసారి చెల్లెలింటికి ఏమీ పట్టుకోకుండా వెళ్ళి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అరుగు మీద కూర్చున్నంతసేపూ మోకాళ్ళ మీద తాళం వేస్తూనే ఉన్నాడని అత్తయ్య ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది. మామ్మగారు ఆయన్ని పిలిచి మరీ రెండు చెంచాలు పెట్టారుట. అది మాత్రం మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నాం.

మరుసటేడు కాయ విరగకాసింది. గంప దిగింది. మామ్మగారు దాన్ని దాటి నా చేతులకేసి చూసి, "డబ్బా ఏదీ?" అన్నారు. అప్పట్నుంచి ఏటా గంప నాన్నది, డబ్బా నాది. ఇప్పుడు నేను ఏలూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఒక టీచరమ్మ దగ్గర పద్ధతిగా నేర్చుకుని, రసం చిక్కబెట్టి, చెంచాలు కొలిచి, మంచి ట్రఫుల్స్ చేయగలను. ఆఫీసులో వాళ్ళు అడిగి మరీ చేయించుకుంటారు. అలా పద్ధతిగా చేసినవి, గుండ్రంగా, గట్టిగా, ముత్యాల్లాంటివి ఒక ఏడు ఐసు పెట్టెలో పెట్టుకుని గొప్పగా పట్టుకెళ్ళాను. మామ్మగారికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. ఒకటి తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి, చిన్నబుచ్చుకున్న మొహంతో, "ఇవి ఎవరో వంటొచ్చిన వాళ్ళు చేసినట్టున్నారే. ఈసారి నువ్వు చెయ్యలేదా?" అన్నారు.

అందుకని ఇప్పుడు ఐసు పెట్టె లేదు, కొలతలూ లేవు. మా నాయనమ్మ స్టీలు డబ్బా తీసి, రసం ధారాళంగా పోసి, సున్నుండలంత ఉండలు చుట్టి, మూతకి ఎర్ర రిబ్బను కడతాను. మే నెల మిట్టమధ్యాహ్నం బస్సే చూసుకుని ఎక్కుతాను. నీడవైపు సీట్లు ఖాళీగా ఉన్నా ఎండవైపు కిటికీ పక్కనే కూర్చుంటే, కండక్టరు "అటు కూర్చోవచ్చు కదమ్మా, మాడిపోతావ్" అంటాడు. పరవాలేదండీ అంటాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ చూడకుండా, చెవి అటే పెట్టి కూర్చుంటాను. జంక్షన్ లారీలు కనబడేసరికి లోపల గుడగుడ మొదలవుతుంది. హమ్మయ్య, అనుకుంటాను.