ఒకవైపు పొట్ట ఉన్న చక్రం

తూకం మేస్త్రి ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీది పటం వంకర సరిచేసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేవాడు. బల్ల కాస్త ఊగిందంటే చాలు, దాని కాలి కింద మడతపెట్టిన కాగితం దూర్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టుకునేవాడు కాదు. పడవల రేవు పక్కన రేకుల షెడ్డులో ఇంజన్లు విప్పి కట్టడం అతని పని. కట్టిన ఇంజను మీద నిండు గ్లాసు పెట్టి, నీళ్ళు తొణకకుండా నడిపి చూపించేవాడు. తూకం మేస్త్రి అన్న పేరు అలా వచ్చింది. పేరు వచ్చాక మనిషి కాళ్ళు నేల మీద నిలవడం కష్టం. మేస్త్రి కాళ్ళూ నిలవలేదు.

అత్తవారింటికి అతను పెద్దల్లుడు. చిన్నల్లుడు, అంటే అతని తోడల్లుడు, అదే రేవులో షాఫ్టు పని చేస్తాడు. ఇంజన్నీ, పడవ వెనక పంకాను తిప్పే షాఫ్టునీ ఒకే గీతలో కూర్చోబెట్టడం అతని విద్య. ఇంజను కాళ్ళ కింద పల్చటి రేకు ముక్కలు వేస్తూ, తీస్తూ, సందు కొలుస్తూ వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడు. మాట మాత్రం బహు పొదుపు. కూరలో ఉప్పు లేదని కూడా అడిగితే తప్ప చెప్పడని అతని భార్య నవ్వేది. "మా అల్లుళ్ళలో ఒకాయనది నోరు, ఒకాయనది చెయ్యి" అనేది అత్తగారు. చెయ్యి తనదేనని తూకం మేస్త్రి చాలా ఏళ్ళు మురిసిపోయాడు.

వాళ్ళ బావమరిదికి ఒక పడవ ఉంది. పనికి పోయేవాళ్ళను అవతలి ఒడ్డుకు దాటించి బతుకుతున్నాడు. ఆ పడవ ఇంజన్లో క్రాంకు విరిగింది. పైకీ కిందికీ పోయే పిస్టన్ల పరుగును గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసు అది. అది విరిగితే ఇంజను ఉత్త ఇనుమే. మేస్త్రి పాత ఇనుము కొట్టులో వెతికి, అలాంటిదే ఇంకో ఇంజను తెచ్చి, దాని క్రాంకు తీసి ఇందులో పెట్టాడు. క్రాంకుకు ముందు కొసన బ్యాలెన్సర్ అనే చిన్న చక్రం, వెనక కొసన ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం ఉండాలి. రెండూ దానితోపాటు తిరుగుతూ అదురును అదుపులో పెడతాయి. తమ ఇంజను బ్యాలెన్సర్‌లో రబ్బరు చీలిపోయి ఉంది కాబట్టి, తెచ్చిన ఇంజనుదే బిగించాడు. ఫ్లైవీల్ దగ్గరికి వచ్చేసరికి అతనికి ఒళ్ళు మండింది. తెచ్చినదానికి ఒక పక్క ఇనుము ముద్దగా పోసి ఉంది.

"ఇదేం చక్రం, ఒకవైపు పొట్ట! పోతపోసినవాడు కునుకు తీశాడేమో" అని దాన్ని షెడ్డు వెనక్కి దొర్లించేశాడు. తమ పాత ఫ్లైవీల్ చుట్టూ ఒకే మందంతో, చూడముచ్చటగా ఉంది. బోల్టుల రంధ్రాలు కూడా కుదిరాయి. అదే బిగించాడు. కుదిరింది కాబట్టి సరైనదే అనుకున్నాడు.

తోడల్లుడు వచ్చి షాఫ్టు గీత కుదిర్చి వెళ్ళాడు. మొదటి రోజు పడవ రేవు దాటీ దాటకముందే బెంచీలు అదరడం మొదలుపెట్టాయి. తిరిగి వచ్చిన జనం ఊరుకుంటారా? "మేస్త్రీ, ఒళ్ళు నొప్పులన్నీ పోయాయయ్యా, పళ్ళు మాత్రం రాలేట్టున్నాయి" అని ఒకడు అన్నాడు. రేవంతా గొల్లున నవ్వింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వును ఎవరో ఒకరి మీదికి నెట్టకపోతే నిలబడలేననిపించింది.

"ఇంజను నేను కట్టాను. దానికి వంకపెట్టే పని లేదు. షాఫ్టు గీత తప్పింది. మా తోడల్లుడికి ఈమధ్య చెయ్యి వణుకుతున్నట్టుంది" అన్నాడు, అందరికీ వినబడేలా.

తోడల్లుడు అక్కడే ఉన్నాడు. పడవలోకి దిగి, నూనె నీళ్ళలో బోర్లా పడుకుని మళ్ళీ కొలిచాడు. మళ్ళీ కుదిర్చాడు. పడవ మళ్ళీ అదిరింది. చివరికి ఒకసారి మెల్లగా అడిగాడు.

"అన్నయ్యా, గేరు తీసేసి ఇంజను ఒక్కదాన్నే రేసు చేసి చూద్దామా? షాఫ్టు తిరగనప్పుడు కూడా అదిరితే..."

"కొత్తగా కట్టిన ఇంజన్ని ఉత్తపుణ్యానికి రేసు చేయమంటావా? పిస్టన్ రింగులు అరిగిపోతే నీ జేబులోంచి తెస్తావా? నీ పని నువ్వు చూసుకో."

అతను నోరు మూసుకున్నాడు. కానీ రేవు నోరు మూతపడదు కదా. షాఫ్టు పనికి అతన్ని పిలిచేవాళ్ళు తగ్గారు. అతను తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడని మేస్త్రి భార్య ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఏమండీ, మా చెల్లెలు మనింటికి రావడం మానేసింది. మీరేమైనా అన్నారా?" అని అడిగింది. మేస్త్రి కంచంలోకి చూస్తూ, పులుసు బాగుందన్నాడు. ఆ పూట పులుసు పెట్టనే లేదు.

అప్పటినుంచి గేరు మాట అతన్ని ముల్లులా పొడుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం బావమరిది భోజనానికి వెళ్ళిన సమయం చూసి, పడవలోకి దిగి, గేరు తీసేసి ఇంజను వేగం పెంచాడు. షాఫ్టు కదలకుండా పడుకుని ఉంది. పడవ మాత్రం గజగజ వణికింది. మేస్త్రి ఇంజను ఆపేశాడు.

షెడ్డుకు వెళ్ళి, చీలిపోయిన పాత బ్యాలెన్సర్ తీసి చూశాడు. అది చుట్టూ సమంగా ఉంది. తాను బిగించినదాని లోపలి వైపు, వంగి చూస్తే తప్ప కనబడని చోట, ఒక పక్క ముద్ద ఉంది. వెనకాల గడ్డిలో పడేసిన ఫ్లైవీల్‌కూ ఉంది. అప్పుడు అర్థమైంది. ఆ క్రాంకు తనంతట తాను సమంగా ఉండేది కాదు. దాన్ని చేసినవాళ్ళు కావాలనే కొంత బరువును బయటి చక్రాలు రెండింటికీ పంచారు. తాను ఒకటి ఉంచుకుని, రెండోది చూడ్డానికి బాగాలేదని పారేశాడు. ఇన్నేళ్ళు తూకం తూకం అని ఊదరగొట్టిన మనిషి, తూకం కోసమే పుట్టిన చక్రాన్ని వెక్కిరించాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

అక్కడితో ఆగి, వెళ్ళి నిజం చెప్పి ఉంటే అది ఒట్టి పొరపాటే అయ్యేది. కానీ తోడల్లుడు దూరపు రేవుకు పని వెతుక్కుంటూ వెళ్ళిన రోజు చూసుకుని, మేస్త్రి దొంగలా ఇంజను విప్పి ఫ్లైవీల్ మార్చాడు. తిరిగి కూర్చోబెట్టేటప్పుడు షాఫ్టు గీత కుదిర్చడం తనకు రాదు. తోడల్లుడు వేసిన రేకు ముక్కల్ని ఏ కాలివి ఆ కాలి కిందే పెట్టి, అతను గీసిన గుర్తుల మీదే బోల్టులు బిగించాడు. పడవ వెన్న మీద పోయినట్టు పోయింది. తోడల్లుడి చేతి పని ఎంత ఖచ్చితమో దానితో మరీ తేటతెల్లమైంది.

"పెద్దబావ చెయ్యి పడితే అంతే! చిన్నబావ వల్ల కానిది ఒక్క పూటలో తేల్చేశాడు" అని బావమరిది రేవంతా చాటాడు. మేస్త్రి వద్దనలేదు. ఆ పొగడ్త చేదుగా ఉంది. అయినా మింగాడు. రోజూ కాస్త కాస్త మింగాడు.

తోడల్లుడు తిరిగి వచ్చాడని, సందు కొలిచే గేజూ పనిముట్లూ అమ్మకానికి పెట్టాడని తెలిసిన రోజు ఇక మింగలేకపోయాడు. రేవుకు వెళ్ళాడు. టీ బడ్డీ దగ్గర పడవవాళ్ళంతా ఉన్నారు. తోడల్లుడు చివర్న ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"అందరూ వినండి" అన్నాడు మేస్త్రి. "షాఫ్టు గీత ఏనాడూ తప్పలేదు. తప్పుడు ఫ్లైవీల్ బిగించింది నేను. తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. తప్పంతా నాది."

బావమరిది వచ్చి అతని భుజం తట్టాడు.

"ఎంత గొప్ప మనసు బావా నీది! చిన్నబావ బాధపడుతున్నాడని నెత్తిన వేసుకుంటున్నావు. తోడల్లుళ్ళంటే ఇలా ఉండాలి!"

అందరూ తలలూపారు. ఒకడు టీ తెచ్చి చేతిలో పెట్టాడు. "నిజంరా! ఒట్టు, నిజం!" అని మేస్త్రి అరిచిన కొద్దీ వాళ్ళ కళ్ళలో గౌరవం పెరిగిపోయింది. దిక్కుతోచక అతను తోడల్లుడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఒక్కడు నమ్మితే చాలనుకున్నాడు.

తోడల్లుడు తలెత్తాడు. అతని కళ్ళలో కోపం లేదు.

"వద్దులే అన్నయ్యా" అన్నాడు. "నాకోసం అబద్ధం ఆడకు. నా చెయ్యి సంగతి నాకు తెలుస్తూనే ఉంది."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. మెట్లు దిగి, పడవలోకి దూకి, ఇంజను మూత తీసి, ఇంజన్నీ షాఫ్టునీ కలిపే కప్లింగు బోల్టులకు స్పానర్ తగిలించాడు.

"బావా, ఏం చేస్తున్నావ్! ఇప్పుడిప్పుడే బాగైంది కదా!" అంటూ బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"మళ్ళీ పాడుచేస్తున్నాను. షెడ్డులో పొట్ట లేని ఆ పాత చక్రం ఉంది, తీసుకురా" అన్నాడు మేస్త్రి, కళ్ళు తుడుచుకోకుండానే. "గేరు తీసేసి నడుపుతాను. వాడి చేతిలో తప్పు లేదని వాడు చూసేదాకా ఇక్కణ్ణుంచి ఎవ్వరూ కదలొద్దు."