నా బావమరిది చేసిన లైటు

నా బావమరిది అంటే నాకు కుళ్లు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నా భార్యతో అసలే అనలేదు, ఎందుకంటే ఆమెకు వాడు ఒక్కగానొక్క తమ్ముడు. వాడు చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. వాడు తాగడు, గట్టిగా మాట్లాడడు, గద్వాలలో మగ్గం మీద చీరలు నేసుకుంటాడు, ఎప్పుడు కనబడినా "మంచిగున్నవా బావా" అని ముందు వాడే పలకరిస్తాడు. అలాంటి మనిషి మీద కుళ్లుకోవడం ఎంత కష్టమో కుళ్లుకున్నవాళ్లకే తెలుసు.

నిజానికి తప్పు వాడిది కూడా కాదు, మన పద్ధతులది. పిల్ల నాది. కానీ పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు దాన్ని కూర్చోబెట్టింది మేనమామ ఒళ్లో. చెవులు కుట్టించినప్పుడూ మేనమామ ఒళ్లోనే. రెండు ఫొటోల్లోనూ నడుమ వాడున్నాడు, భుజం మీద కొత్త తువ్వాల ఉంది. నేను ఒకదాంట్లో నీళ్ల సీసా పట్టుకొని ఉన్నాను, ఇంకోదాంట్లో నా సగం భుజమే పడింది. రేపు పిల్ల పెద్దమనిషైతే చీర తెచ్చేదీ వాడే, అదీ తన చేత్తో నేసిన చీర. కన్నతండ్రి మాత్రం వంటవాళ్ల దగ్గర నిలబడి అన్నం సరిపోతుందో లేదో చూసుకోవాలి.

నాది వనపర్తిలో డెకరేషన్ లైట్ల పని. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు, వినాయక మండపాలకు సీరియల్ బల్బుల సెట్లు కడతాను. కొత్తకోట, పెబ్బేరు, నాగర్‌కర్నూల్, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి నా బండి పోతుంది. మా నాన్న కూడా మగ్గం మనిషే. పదహారేళ్లప్పుడు నన్ను మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోమంటే నెల రోజులు కూర్చున్నాను. పొద్దస్తమానం వంగి నేసినా తల తిప్పి చూసేవాడు లేడు. అదే ఒక ఇంటికి లైట్లు కడితే బస్సులో పోయేవాళ్లు కూడా మెడ చాచి చూస్తారు. నాకు వాళ్లు చూడాలి. అందుకే లైట్లు కట్టడం అయిపోగానే ప్రతిసారీ రోడ్డు దాటి అవతల నిలబడతాను. అక్కడినుంచి బాగుంటే బాగున్నట్టే లెక్క.

మా ఇంట్లో వెనక గది ఒకటి ఉంది, దాని కిటికీ పక్క గల్లీలోకి ఉంటుంది. వైరు చుట్టలు, ఫోకస్ లైట్లు, విరిగిన ఫ్రేములు అన్నీ అందులోనే పడేసేవాణ్ణి. బిడ్డకు ఏడేళ్లు నిండాక దానికి సొంత గది కావాలని తల్లీకూతుళ్లు ఒక్కటై, నా సామానంతా పెరట్లోని రేకుల షెడ్డుకు తరలించారు. గోడలకు లేత పసుపు రంగు వేయించాం, చిన్న మంచం వేశాం. అప్పటినుంచి బిడ్డ నా వెంట పడింది.

"నాన్నా, అందరి ఇండ్లకు లైట్లు పెడ్తవు. నా రూముల పెట్టవా?"

"పెడ్త బిడ్డా. ఈ ముహూర్తాలు అయిపోనీ."

ముహూర్తాలు అయిపోలేదు. ఈ పెళ్లి కాగానే ఆ పెళ్లి అన్నట్టు నెల గడిచింది. నేను ఒక ఆదివారం పెబ్బేరులో నిచ్చెన మీద ఉండగా, నా బావమరిది గద్వాలలో బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక గుడ్డసంచి.

ఆ రోజు ఏం జరిగిందో నా భార్య తర్వాత చెప్పింది. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పింది. సంచినిండా చీరల పని అయ్యాక మిగిలిన ముక్కలు ఉన్నాయట, పట్టు అంచుల తునకలు, జరీ బుటాలున్న పీలికలు. మామా కోడలూ కిరాణా కొట్టుకు పోయి లోపల కనబడే ఖాళీ ప్లాస్టిక్ చాక్లెట్ డబ్బాలు మూడు అడిగి తెచ్చుకున్నారు, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. మైదాపిండి ఉడికించి లై చేశారు. బిడ్డ డబ్బాలకు లై పూస్తే మామ ముక్కలు అతికించాడు. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో, జరీ ఎక్కడ పడాలో ప్రతి ముక్కకూ బిడ్డనే అడిగాడట. నేను ఎవరినీ ఏదీ అడగను, కట్టి పారేస్తాను. వాడు మేకు కాల్చి మూతలకు బొక్కలు పెట్టాడు. ఇక లోపలికి వెలుతురు కావాలి కదా. షెడ్డులో నేను పారేయడానికి పెట్టిన ఎల్‌ఈడీ పట్టీలు ఉన్నాయి. వాటిలో ఇంకా వెలుగుతున్న చోట మూడేసి బల్బుల ముక్కలు కత్తిరించి, మూడు డబ్బాల్లో పెట్టి, పాత సెటాప్ బాక్స్ అడాప్టర్‌కు కలిపాడు. పైసా ఖర్చు కాలేదు. సగం వాడి చెత్త, సగం నా చెత్త.

నేను ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. వెనక గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేసి ముగ్గురూ కింద కూర్చొని ఉన్నారు. పట్టు ఉన్నచోట వెలుతురు ఎర్రగా, పచ్చగా దాటి వస్తోంది. జరీ ఉన్నచోట ఆగిపోయి, గోడ మీద బుటాల నీడలు పెద్దపెద్దగా పడ్డాయి. గది మొత్తానికి చీర కట్టినట్టుంది. బాగుంది. బాగుందని నాకు వెంటనే తెలిసింది, అదే నా బాధ. గుమ్మంలోనే నిలబడిపోయాను.

"నాన్నా, జర పక్కకు జరుగు. బుటాలు కనబడ్తలేవు," అంది నా బిడ్డ.

నా ఇంట్లో, నా బల్బుల ముందు, నన్ను పక్కకు జరగమంది.

"బట్ట, కరెంటు ఒక్కదగ్గర పెడ్తరా ఎవరన్న? అంటుకుంటే ఏంది సంగతి?" అన్నాను.

నా బావమరిది లేచి నిలబడ్డాడు. "గందుకే పన్నెండు వోల్టులదే పెట్టిన బావా. అది వేడెక్కదని నువ్వే చెప్పినవ్ కదా. అయినా జర చూడు, తప్పేమన్న ఉంటే తీసేద్దాం."

టెస్టర్ తెచ్చుకొని కూర్చున్నాను. పావుగంట వెతికాను. జాయింట్లు గట్టిగా ఉన్నాయి. టేపు ముద్దలా కాకుండా నీటుగా చుట్టాడు, అలా చుట్టడం వాడికి నేర్పింది కూడా నేనే. డబ్బా చేత్తో పట్టుకుంటే చల్లగా ఉంది. ఒక్క తప్పు దొరికినా ఆ పూట నాకు అన్నం సహించేది. దొరకలేదు.

"మంచిగనే ఉంది," అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నా ప్రాణం పోయినంత పనైంది.

మరునాడు చేతిలో పని ఉన్నా పక్కన పెట్టేసి, నా దగ్గరున్నవాటిలో కొత్తవి, మంచివి ఏరి తెచ్చాను. బిడ్డ గది కిటికీకి పైనుంచి కిందిదాకా జల్లులాగా పడే కర్టెన్ లైట్లు వేలాడదీశాను. చుట్టూ నీలం సీరియల్. ఎనిమిది రకాలుగా ఆరివెలిగే కంట్రోలర్. చీకటి పడగానే స్విచ్ వేసి, అలవాటు ప్రకారం గల్లీ దాటి ఎదురింటి అరుగు దగ్గర నిలబడి చూశాను. అదిరిపోయింది. ఎదురింటి పెద్దమ్మ బయటికొచ్చి, "ఏం ఫంక్షన్ రా? నాకు చెప్పనే లేదు," అని నిష్ఠూరమాడింది. బండి మీద పోతున్న ఇద్దరు ఆగి చూశారు. బిడ్డ కూడా నా పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఎట్లుంది బిడ్డా?"

"మస్తుంది నాన్నా."

"మామ లైటు కన్నా?"

అది కిటికీ వైపు కాదు, నా మొహం వైపు చూసింది. "గిది పెద్దగుంది," అంది.

అది జవాబు కాదని తెలుసు. అయినా జవాబే అనుకున్నాను.

కాసేపటికి ఇంట్లోకి పోయి చూద్దును కదా, బిడ్డ మంచం మీద దుప్పటి తల మీదుగా కప్పుకొని కూర్చుంది. కిటికీ వైపు చూశాను. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లకు లైట్లు కట్టాను గానీ, కట్టిన ఇంటి లోపల కూర్చొని ఒక్కసారీ చూడలేదు. అక్కడినుంచి కనబడేవి బల్బుల వీపులు, నల్ల టేపు ముడులు, వైర్ల చిక్కు. వెలుతురంతా గల్లీకి పోతోంది. గదిలోకి వచ్చేది కళ్లు చికిలించుకునేలా చేసే మినుకులు మాత్రమే. చిన్నపిల్ల పడుకునే గదికి లైట్లు పెట్టమంటే, పెళ్లింటికి కట్టినట్టు రోడ్డు మీద పోయేవాళ్లకోసం కట్టాను. దుప్పటి కింద మాత్రం ఎర్రగా వెలుగు కనబడుతోంది. మామ చేసిన చిన్న డబ్బాల్లో ఒకదాన్ని లోపలికి లాక్కుంది.

బుద్ధి ఉన్న తండ్రి అయితే నవ్వేసి ఆ లైట్లు విప్పేవాడు. నాకు ఆ పూట బుద్ధి లేదు. పొద్దున బిడ్డ బడికి పోయాక ఆ అడాప్టర్ ఊడబీకి, నా పనిముట్ల డబ్బాలో అడుగున, టేపు చుట్టల కింద పెట్టేశాను. సాయంత్రం బిడ్డ వచ్చి స్విచ్ దగ్గర వెతుక్కుంటుంటే నేనే ముందు మాట్లాడాను.

"అడాప్టర్ కాలిపోయింది బిడ్డా. తీసి పారేసిన. పాత సామాన్లతోని చేస్తే గట్లనే అయితది."

"కొత్తది పెట్టరాదా నాన్నా?"

"చూద్దాం తియ్యి. నేను కట్టిన లైట్లు ఉన్నయి కదా."

కరెంటు సంగతుల్లో మా ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. నా భార్య అయ్యో అని ఊరుకుంది. బిడ్డ మళ్లీ అడగలేదు. నాలుగు రోజులు గడిచాయి. రోజూ చీకటి పడగానే అదే పోయి నా కర్టెన్ లైట్లు వేసేది, నేను ఇంట్లో ఉంటే నాకు చెప్పి మరీ వేసేది. తర్వాత దిండు తీసుకొని వాళ్లమ్మ దగ్గరికి పోయి పడుకునేది. నా లైట్లు ఖాళీ గదికి కాపలా కాస్తూ గల్లీ అంతా వెలిగేవి. గెలిచింది నేనే. ఎవరూ లేని గదిలో గెలిచాను.

ఐదో రోజు సాయంత్రం నా బావమరిది ఫోన్ చేశాడు. బిడ్డ మెట్ల మీద కూర్చొని స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది. నేను తలుపు వెనక చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాను.

"లైటు మంచిగ వెలుగుతుందా కోడలా?"

"మస్తు వెలుగుతుంది మామా."

"గోడ మీద బుటాలు పడ్తున్నయా?"

"పడ్తున్నయి. రోజూ చూస్త. చూసుకుంటనే పండుకుంట."

నా ఒళ్లు మండిపోయింది. మామ మనసు కష్టపడకూడదని ఏడేళ్ల పిల్ల తడుముకోకుండా అబద్ధమాడుతోంది. నాకోసం ఎప్పుడైనా ఇలా ఒక్క అబద్ధం ఆడిందా? వాడికి ఒడి దక్కిందని కుళ్లుకున్నాను, ఫొటోలో నడిమి చోటు దక్కిందని కుళ్లుకున్నాను, చివరికి అబద్ధం దక్కిందని కూడా కుళ్లుకున్నాను. ఆ అబద్ధం ఎక్కడినుంచి పుట్టిందో కాస్త ఆగాక గుర్తుకొచ్చింది. అప్పుడు సిగ్గేసింది. చెప్పులు విడిచేసి మళ్లీ లోపలికి పోయాను.

పనిముట్ల డబ్బాలోంచి అడాప్టర్ తీసుకొని బిడ్డ గదికి వెళ్లాను. అప్పటికి అది ఫోన్ పెట్టేసి హోంవర్క్ చేసుకుంటోంది. ప్లగ్ పెట్టి, ఇదిగో బాగు చేశాను చూడు అందామని నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే మామ చేసింది చెడిపోయినట్టూ, నాన్న బాగు చేసినట్టూ ఉండేది. అది నా మొహం వంక చూస్తుంటే ఆ మాట రాలేదు.

"బిడ్డా, గిది కాలిపోలేదు. నేనే తీసి దాచిపెట్టిన."

"తెల్సు," అంది మళ్లీ పెన్సిల్ కదుపుతూ.

"ఏం తెల్సు?"

"నీ డబ్బాల చూసిన. నా బుక్కు చినిగితే టేపు కోసం తీసిన. నువ్వు కాలిపోయింది అన్నవ్ కదా, గా రోజే."

టేపు చుట్టల కింద దాచిన నా తెలివిని ఏమనాలి? "మరి అమ్మకు చెప్పలేదేంది?"

"అమ్మ నిన్ను తిడ్తది కదా."

"మామకైనా చెప్పకపోతివి. వెలుగుతుందని అబద్ధం చెప్పినవ్."

అప్పుడు పెన్సిల్ కింద పెట్టింది. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"చెప్తే మామ ముంగట నీ ఇజ్జత్ పోదా నాన్నా?"

నాలుగు రోజులు ఇంట్లో తల్లిముందు, ఫోన్‌లో మామముందు, అది నా పరువు మోసింది. తలుపు చాటున నిలబడి నేను కుళ్లుకున్న అబద్ధం వాడికోసం ఆడింది కాదు, నాకోసం ఆడింది.

అడాప్టర్ తిరిగి పెట్టి, కర్టెన్ లైట్లు ఆ సాయంత్రమే విప్పేశాను. అవి తర్వాత కొల్లాపూర్‌లో ఒక పెళ్లికి పోయాయి, రోడ్డు వైపుకే కట్టాను, బాగున్నాయన్నారు. బావమరిది మీద కుళ్లు పోయిందని మాత్రం చెప్పను. ఫొటోల్లో నడుమ ఇప్పటికీ వాడే ఉన్నాడు, రేపటి ఫొటోల్లోనూ వాడే ఉంటాడు.

పోయిన నెల వాడు వచ్చాడు. మునిమాపు వేళ వెనక గదిలో కింద కూర్చొని, గోడ మీద తన బుటాలు చూసుకుంటూ, "ఇన్ని రోజులు ఒక్కసారి కూడా ఖరాబు కాలేదా బావా?" అని అడిగాడు. నేను గుమ్మంలో ఉన్నాను. చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"ఒక్కసారి కూడా కాలేదు మామా. నాన్న చూసుకుంటుండు కదా," అంది బిడ్డ. నా చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. "నువ్వు నిలబడకు నాన్నా, నీడ పడ్తది. గిట్ల కూసో."

వాడు కొంచెం జరిగి చోటిచ్చాడు. ఇద్దరి నడుమ బిడ్డ కూర్చుంది.