ఎద్దు లేని బేరం

మా మేనేజరన్న పోయాడని మా గోల్‌కీపరు వీరేశు ఫోన్లో చెప్పినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవరితో మ్యాచ్ ఉందిరా?" అని. చావు కబురు విన్నవాడు అడగాల్సిన మాట కాదది. కానీ ఆదోనిలో మా ఫుట్‌బాల్ క్లబ్బును ఎరిగినవాళ్ళెవరైనా అదే అడిగేవారు. ఒకసారి ఆలూరు వాళ్ళతో ఆట ఉందనగా, తనకు గుండెనొప్పి వచ్చిందని, టీమంతా మంచం చుట్టూ చేరి ఏడుస్తోందని ఆలూరు ఆటోవాడి చెవిన వేసి పంపిన మనిషి ఆయన. పాపం, ఆలూరు వాళ్ళు ప్రాక్టీసు మానేసి అరటిపళ్ళతో వచ్చారు. ఈయన గ్రౌండు గేటు దగ్గరే నిలబడి ఆ పళ్ళు అందుకుని, ఒకటి ఒలిచి, వాసన చూసి, "ముందు మీరు తినండప్పా" అన్నాడు.

"మ్యాచ్ లేదు తాతా," అన్నాడు వీరేశు. "నిజంగానే పోయినాడు. తెల్లారి మొగం కడుక్కునేకి లేసినాడంట, అట్లే కూలబడినాడంట." వాడి గొంతు విన్నాక కూడా, నా సైకిల్ షాపుకు తాళం వేసి, వాళ్ళ వీధి మొగదల వేసిన షామియానా కళ్ళతో చూసేదాకా నేను పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన దగ్గర నాకు అబ్బిన విద్య. బడిలో నేను నేర్చింది తక్కువ, ఇలాంటివే ఎక్కువ.

ఆయన పశువుల దళారి. వారం వారం ఎమ్మిగనూరు సంతకు పోయి ఎద్దులు కొనిపించేవాడు, అమ్మించేవాడు. ఈ బేరం ఎలా జరుగుతుందో చూడనివాళ్ళ కోసం చెబుతాను. కొనేవాడి తరఫు దళారి, అమ్మేవాడి తరఫు దళారి చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుతారు. ఆ గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పట్టిన వేలిని బట్టి అంకె, నొక్కిన తీరును బట్టి ఒప్పుకోలు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఒక్కరికీ ఏమీ తెలియదు. బేరం కుదిరినా చెడినా, గుడ్డ కింద జరిగిందాన్ని ఆ ఇద్దరిలో ఎవరూ బయట చెప్పకూడదు. చెప్పినవాడి తువ్వాల కింద మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టరు.

ఫుట్‌బాల్‌ను కూడా ఆయన అలాగే నడిపాడు. ఎవరు ఎక్కడ ఆడాలో నోటితో చెప్పేవాడు కాదు. ఒక్కొక్కణ్ణి పక్కకు పిలిచి, భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి వేళ్ళు నొక్కేవాడు. చిటికెన వేలు పడితే వెనక, బొటనవేలు పడితే ముందు. కొత్తగా చేరినవాళ్ళు సిగ్గుపడి నవ్వేవారు. "నవ్వొద్దురా. ఆ గోడ కాడ మూత్రం పోసేటోడు నందవరం టీము మనిషి కాదని నీకు ఎరుకనా?" అనేవాడు.

ఉగ్గాని తినేటప్పుడు మిరపకాయ బజ్జీని విరిచి, లోపల మిరపకాయ ఉందో లేదో చూసిగాని కొరికేవాడు కాదు. పరాయి ఊరికి ఆటకు పోతే గోల్ పోస్టును తను తెచ్చుకున్న తాడుతో కొలిచేవాడు. ఎదుటివాళ్ళు పెట్టే టిఫిను మావాళ్ళను తిననిచ్చేవాడు కాదు. అక్క, అంటే ఆయన భార్య, తెల్లవారుజామున లేచి క్యాన్ నిండా చిత్రాన్నం కలిపి ఇచ్చేది. మా బ్యాకు ఒకడు దేవరగట్టు పక్క పల్లెవాడు. దసరా కర్రల సమరం అయిన మర్నాడు తలకు కట్టుతో ప్రాక్టీసుకు వచ్చాడు. ఎగ్గొట్టడానికి కట్టుకొచ్చిన కట్టేమోనని మా అన్న విప్పించి చూశాడు. కుట్లు కనిపించాయి. అయినా కాసేపు పరీక్షగా చూసి, "ఇవి పోయిన ఏడాదివి" అన్నాడు. ఆ పల్లెవాడి సంగతి చెప్పాలంటే వేరే కథ. వాడు తలకాయ దెబ్బతో ఆడిన ఆటలే బాగా ఆడేవాడు.

మా క్లబ్బు ఎప్పుడో ఒకసారి కప్పు గెలిచినప్పుడు గోల్‌లో నిలబడినవాడు వీరేశు తండ్రి. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు. ఇప్పుడు కొడుకు గోలీ, టీముకు కెప్టెను కూడా. ఇద్దరి మధ్యలో గడిచిన కాలమంతా మేము ఓడిపోతూ గడిపాం. అప్పుడప్పుడు రెండో స్థానం, ఎక్కువసార్లు అదీ లేదు. ఊళ్ళో పత్తి మార్కెట్టు హమాలీలు మా జెర్సీ కనిపిస్తే "ఈసారి ఎన్ని గోల్సప్పా?" అని అడిగేవారు, మేము కొట్టినవి కాదు, మాకు పడినవి.

పోయిన సీజనులో ఏమైందో తెలియదు, గెలవడం మొదలుపెట్టాం. మొదటి ఆట గెలిచిన రోజు మేమంతా ఎగురుతుంటే మేనేజరన్న మాత్రం ఎండిన నల్లరేగడి మీద ఉబ్బసపు మనిషిలా కూర్చున్నాడు. "వాళ్ళు కావాలనే ఓడిపోయినారు," అన్నాడు. మర్నాడు బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయి, గోలీకి ఒంట్లో బాగుందో లేదో కనుక్కుని వచ్చాడు. బాగానే ఉందట. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. గెలిచిన కొద్దీ ఆయనకు నిద్ర తగ్గింది. కప్పు అనే మాట ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆ ఎద్దు ఇంకా సంతకే రాలేదు, నోరు తెరిచి పండ్లు ఎట్ల సూస్తావు?" అనేవాడు.

అలా చివరి ఆట దాకా వచ్చాం. ఎమ్మిగనూరు వాళ్ళతో, వాళ్ళ గ్రౌండులో. వాళ్ళకు ఆట సమానంగా ముగిస్తే చాలు, కప్పు వాళ్ళదే. మాకు గెలుపే కావాలి.

ఎమ్మిగనూరు మేనేజరు కూడా పశువుల దళారే. ఆయనా మా అన్నా ఒకే సంతలో తలలు నెరిసినవాళ్ళు. ఆటకు ముందురోజు సంత. చిన్నాయన ఎద్దును తోలుకుపోవడానికి వీరేశు కూడా ఆ సంతకు పోయాడు. అక్కడ, వేపచెట్టుకు అవతల, ఈ మేనేజర్లిద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి నిలబడి ఉండటం చూశాడు. చాలాసేపు నిలబడ్డారట. వాళ్ళ దరిదాపుల్లో ఎద్దు లేదు.

మర్నాడు మేమంతా ట్రాలీ ఆటోలో ఎమ్మిగనూరు పోతున్నాం. బంతులకు గాలి కొట్టేవాణ్ణి కాబట్టి నేనూ ఉన్నాను. ఊరు దాటగానే వీరేశు అడిగేశాడు.

"మామా, నిన్న సంతలో ఎద్దు యాడ?"

"ఏ ఎద్దు?"

"నువ్వూ ఆయప్పా తువాల కింద చేతులు పెట్టినారు కదా. ఎద్దు లేదు, దూడ లేదు, మేకపిల్ల గూడ లేదు. ఏందది బేరం?"

"తువాల కిందది తువాల కిందనే, వీరేశా."

"మమ్మల్ని అమ్మినావా?"

దేవరగట్టు పల్లెవాడు బూట్ల తాళ్ళు కట్టడం ఆపాడు. మా అన్న రోడ్డు పక్కన ఉల్లి చేలను చూస్తూ కూర్చున్నాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేది, ఒట్టు పెట్టుకున్నా బాగుండేది. ఆయన రెండూ చేయలేదు.

"అమ్మినాననే అనుకోండి," అన్నాడు చివరికి. "సరుకు మీరే కదరా. సరుకు పోనంటే అమ్మినోడు ఏం సేస్తాడు?"

ఆ రోజు మావాళ్ళు ఎమ్మిగనూరుతో ఆడలేదు, మా మేనేజరన్నతో ఆడారు. ఆయన గీత బయట నుంచి "వెనక్కి రాండి" అంటే ముందుకు పోయారు. "ఎడమకు" అంటే కుడికి కొట్టారు. ఒకరినొకరు కూడా నమ్మలేదు. ఎవడైనా బంతి వెనక్కి ఇస్తే, "ఏమిరా, నీకూ వాటా ఉందా?" అని పక్కవాడే కేకేశాడు. దాంతో ఎవడూ వెనక్కి ఇవ్వలేదు, ఎవడూ నిలబడలేదు. రెండో సగంలో ఒక గోల్ కొట్టాం. అందులో అందం ఏమీ లేదు, ముగ్గురు ఒకేసారి పడి బంతిని లోపలికి తోశారు.

ఆట అయిపోవస్తుండగా ఎమ్మిగనూరుకు పెనాల్టీ దొరికింది. మా అన్న గోల్ వెనక్కి పరుగెత్తి, వీరేశుకు కుడి వైపు చెయ్యి చాపాడు. వీరేశు ఆయన్ను ఒక చూపు చూసి, ఎడమ వైపు దూకాడు. బంతి అటే వచ్చింది. పట్టేశాడు.

ఆ చెయ్యి గురించి తరువాత అడిగాను. "అన్నా, వాడు నీ మాటకు ఎదురు దూకుతాడని తెలిసే అటు చూపించినావా?" అని. "భుజం నొప్పి పుట్టింది, చాపినా," అన్నాడు. మొహంలో ఏమీ దొరకలేదు. దళారి మొహం కదా.

కప్పు వచ్చింది. ఎవరూ ఆయన్ను భుజాల మీద ఎత్తుకోలేదు. ఆయన మాత్రం కప్పును గోటితో కొట్టి చూసి, "లోపల రేకే," అన్నాడు. ఊళ్ళో బాణాసంచా కాల్చారు, పత్తి మార్కెట్టు హమాలీలు మాకు సోడాలు ఇప్పించారు. కానీ మావాళ్ళు ఆయన కళ్ళలోకి చూడలేకపోయారు. అమ్మాడో లేదో తెలియదు. అమ్మకపోతే ఎందుకు చెప్పడు?

మా పరిస్థితి నయం, గెలిచినవాళ్ళం. ఎమ్మిగనూరులో వేరుగా జరిగింది. ఆ తువ్వాల సంగతి అక్కడికీ చేరింది. ఓడింది వాళ్ళు కాబట్టి, అమ్మింది వాళ్ళ మేనేజరేనని తేల్చేశారు. క్లబ్బులోంచి తీసేశారు. అంతటితో పోలేదు. సంతలో ఆయన చెయ్యి చాపితే రైతులు వేరే దళారి దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. ఆయన ఒక్క మాట అనలేదు. మా అన్నా అనలేదు. సంతకు పోయిన ప్రతిసారీ ఇద్దరూ ఒకే బండి దగ్గర టీ తాగేవారట, మాట్లాడుకోకుండా.

మా అన్నకు మట్టి వేసి, ఆయన ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వీధి చివర ఆ ఎమ్మిగనూరు మేనేజరు కనిపించాడు. ఎండలో నిలబడి ఉన్నాడు. షామియానా కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి గాని ఎవరూ రమ్మనలేదు. వీరేశే పోయి ఆయన్ను ఇంటి అరుగు దగ్గరికి పిలుచుకొచ్చాడు. నేను వెంటే ఉన్నాను, ఏం జరుగుతుందోనని.

"పెద్దాయనా, నాకు ఒక్కటి సెప్పు," అన్నాడు వీరేశు. "ఆ పొద్దు సంతలో ఏం బేరం?"

పెద్దాయన మా అన్న భార్య వైపు చూశాడు. అక్క అరుగు మీద కూర్చుని ఉంది. "సెప్పప్పా," అంది. "ఆయన పోయినాడు. నీ పేరన్నా మిగలనీ."

"తువాల కింద ఇద్దరుండాల," అన్నాడాయన మెల్లగా. "ఇప్పుడు ఒకన్నే ఉండా. సెప్తే తప్పు లేదేమోలే. వచ్చి సెయ్యి ఇయ్యమన్యాడు. ఎద్దు యాడ అన్యా. ఎద్దు లేదన్యాడు. తువాల కప్పినాడు. ఏ వేలూ పట్టలేదప్పా. సెయ్యంతా పట్టుకున్యాడు. వణుకుతాంది. 'నాకు రేపటికి భయమైతాంది, మా పిల్లోళ్ళకు సెప్పలేను, కొంచెంసేపు ఇట్లే ఉండు' అన్యాడు. ఉన్యా."

"అంతేనా?"

"అంతే."

వీరేశు అరుగు చివర కూర్చున్నాడు. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంత మధ్యలో ఒక మగవాడు ఇంకొక మగవాడి చెయ్యి భయంతో పట్టుకోవాలంటే గుడ్డ కప్పుకోక ఏం చేస్తాడు? పిరికివాడని తెలియడం కంటే అమ్మేశాడని అనుకోవడమే టీముకు మేలని ఆయన ఆటోలో లెక్క వేసుకుని ఉంటాడు. నా అనుమానం నాకుంది. వేపచెట్టు అవతల వీరేశు చూస్తున్నాడని ఆయన గమనించలేదా? బజ్జీని విరిచి చూసే మనిషి గమనించకుండా ఉంటాడా? భయమూ నిజమై ఉండొచ్చు, గమనించడమూ నిజమై ఉండొచ్చు. అడుగుదామంటే లేడు. ఆయన్ను తలుచుకునే పద్ధతి కూడా ఇదేననుకుంటాను, పూర్తిగా నమ్మేయకుండా. ఒకటి మాత్రం నమ్ముతాను. ఎవరినీ నమ్మని ఆ మనిషి, ఒక్క పొద్దున ఎదుటి టీము మేనేజరును నమ్మాడు. ఆ నమ్మినందుకు ఆ పెద్దమనిషి తన పనినే పోగొట్టుకున్నాడు, నోరు విప్పలేదు. ఈ నాలుగు మాటలు ఎమ్మిగనూరులో కూడా చదువుతారనే రాస్తున్నాను.

వీరేశు లేచి బండి తీశాడు. "ఎక్కు పెద్దాయనా, దించొస్తా."

"వద్దప్పా, బస్సుంది."

"ఎక్కు."

నేనూ దేవరగట్టు పల్లెవాడి బండి మీద వెనకాలే పోయాను. వీరేశు ఆయన్ను ఇంటి దగ్గర దించలేదు. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా, క్లబ్బు వాళ్ళు చేరే హోటలు ముందే బండి ఆపాడు. లోపల ఆ క్లబ్బు మనుషులు ముగ్గురో నలుగురో ఉన్నారు.

"ఇప్పుడు ఇంకా గట్టిగా అంటారు సూడు," అన్నాడు పెద్దాయన కింది గొంతుతో. "ఆదోని గోలీనే నన్ను బండి మీద తెచ్చినాడని."

"అననీ. నేనుండాను కదా, అడిగినోనికల్లా సెప్తా," అని వీరేశు గట్టిగానే అని, వాళ్ళ మధ్యలో ఉన్న బల్ల దగ్గరే ఆయన్ను కూర్చోబెట్టి, రెండు టీలు చెప్పాడు. అవి అయ్యాక ఇంకో రెండు చెప్పాడు. ఎవరూ ఏమీ అడగలేదు. హోటలాయన వచ్చి గ్లాసులు తీసి, బల్ల తుడిచాడు. ఆ బల్ల శుభ్రంగానే ఉంది. హోటలాయన చెవి మావైపు పెట్టి తుడుస్తూనే ఉన్నాడు.