అమ్మవారి వెండి కన్ను

2024. యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, నగల దుకాణాలకు ఫోటోలు తీసి బతుకుతున్నాను. నా చేతిలో ముఖ్యమైన పనిముట్టు మాక్రో లెన్స్. ముక్కుపుడక రాయిని కూడా ఫోటో నిండా చూపిస్తుంది. ఇందులో పేర్లన్నీ మార్చాను, పేట కూడా.

తామ్వే పేటలో ఉండే పైడమ్మత్త కబురంపింది. వాళ్ళ ఇలవేల్పు ప్రతిమకు అతికించిన వెండి కళ్ళలో ఒకటి ఊడి ఎక్కడో పడిపోయింది. జత కన్ను చేయడానికి కంసాలికి నమూనా కావాలి. ఉన్న కన్ను ఊడదీసి పంపితే అమ్మ గుడ్డిదైపోతుంది, ఆ పని మావాళ్ళు చచ్చినా చేయరు. అందుకే ఫోటో.

“బేగి రా రవణా. ఒంటికన్నుతో అమ్మ ఇల్లెలా కాస్తాది?” అంది.

కుర్రాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోతున్న రోజులవి. ఆమె కొడుకు అప్పన్న ముందే బ్యాంకాక్ చేరాడని అందరం సంతోషించాం. ఇక ఆ ఇంట్లో కాయడానికి ఏముందిలే అని నవ్వుకుంటూ వెళ్ళాను.

మెరిసే వస్తువు చుట్టూ తెల్లబట్ట కట్టి తీయాలి, లేకపోతే ఎదురుగా ఉన్నవన్నీ అందులో కనిపిస్తాయి. సంచిలోంచి బట్ట తీయగానే అత్త కసిరింది.

“అమ్మకి ముసుగేత్తారేటి? అపశకునం!”

సరేనని అలాగే తీశాను. ఫోకస్ కుదిరిందో లేదో స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. ఉబ్బెత్తు వెండిలో గదంతా ఉంది. కిటికీ, వంగి నిలబడ్డ నేను, నా వెనక తెర సందులో అప్పన్న మొహం.

నేను వెనక్కి తిరగలేదు. అత్త కూడా స్క్రీన్ చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నువ్వేటీ సూడనేదు కదా, బాబూ?”

“లేదత్తా. కన్నొక్కటే చూశాను.”

ఫోటో తుడిచేసినా మెమరీ కార్డులోంచి మళ్ళీ బయటికి లాగొచ్చు. వీధి చివర సైనికులు ఫోన్లూ కెమెరాలూ తెరిపిస్తున్నారు. కార్డును కత్తిపీట మీద ముక్కలు చేశాను. అందులో ఉన్న నగల దుకాణాల ఫోటోలన్నీ దానితోపాటే పోయాయి. అత్త మామయ్య తెల్లపంచె తెచ్చి, అమ్మవారి చుట్టూ తానే కట్టింది. లెన్స్ పట్టేంత సందు వదిలి, ఇంకో కార్డు వేసి మళ్ళీ తీశాను.

తిరిగి వెళ్తుంటే వీధి చివర ఒక సైనికుడు ఆపి, ఆ ఫోటోను పెద్దది చేస్తూ పోయాడు. తెల్లటి కన్ను మధ్య ఒక నల్లచుక్క.

“ఇందులో ఉన్నదెవరు?” అని బర్మీస్‌లో అడిగాడు.

“నా లెన్సే, సార్. దాని నీడ.”

ఇంకాసేపు చూసి కెమెరా తిరిగిచ్చాడు.

లెన్స్‌కు దొరికిందల్లా ఫోటోగ్రాఫర్ చూడక్కర్లేదని ఆ రోజు తెలిసింది. అమ్మకిప్పుడు రెండు కళ్ళూ ఉన్నాయి. ఎప్పుడు వెళ్ళినా నేను తెర వైపు చూడను. “అత్తా, బ్యాంకాక్‌లో మనవాడు ఎలా ఉన్నాడు?” అని మాత్రం తెర దాకా వినపడేలా అడుగుతాను.

“బాగున్నాడు బాబూ” అంటుంది అత్త, అంతే గట్టిగా.