రెండు తలుపుల సూటు

టీవీ వాళ్ళందరూ ఆమెను ఉల్లి మేడమ్ అనేవారు. ఆమెకు ఎదురుగా కాసేపు కూర్చున్న ఏ మనిషికైనా కళ్ళనీళ్ళు రాక తప్పదని ఆ పేరు. అలాగని ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. ప్రశ్న అడిగేది, జవాబు వినేది, ఆ తరువాత ఊరుకునేది. అవతలివాళ్ళు చెప్పాల్సింది చెప్పేశాక కూడా తల కొంచెం పక్కకు వంచి, ఇంకా ఏదో ఉందన్నట్టు చూస్తూ కూర్చునేది. ఆ మౌనం భరించలేక జనం కడుపులో దాచుకున్నదంతా బయటపెట్టేవారు. ఈ విద్యకు ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వదు గాని, టీవీ వాళ్ళు జీతం మాత్రం బాగా ఇస్తారు.

ఆమె భర్త పళ్ళ డాక్టరు. "ఇద్దరిదీ పీకే వృత్తే. కాకపోతే నేను మత్తిచ్చి పీకుతాను" అనేవాడు.

ఆమె నడిపింది విడిపోయిన బంధువులను కలిపే కార్యక్రమం. వారానికొక కుటుంబం చొప్పున స్టూడియోకు వచ్చి, తెల్ల సోఫా మీద కూర్చుని, తిట్టుకుని, ఏడ్చి, కౌగిలించుకుని వెళ్ళేది. కౌగిలింత తరువాత మళ్ళీ విడిపోయిన వాళ్ళ సంగతి చూపించడానికి సమయం చాలేది కాదు. రానని మొండికేసిన వాళ్ళను రప్పించడం ఆమె బాధ్యత. అందుకామె దగ్గర అచ్చొచ్చిన మాట ఒకటుండేది. "మీ నాన్నగారికి ఒంట్లో బాగాలేదండీ, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి" అని ఫోనులో చెప్పేది. ఆ నాన్నగారు అప్పటికి మేకప్ గదిలో కూర్చుని రెండో టీ తాగుతూ ఉండేవాడు. ఇది అబద్ధమంటే ఆమె ఒప్పుకునేది కాదు. నాన్నలందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లో బాగుండదు కనుక, అది కాస్త ముందుగా చెప్పిన నిజమని మీటింగుల్లో సెలవిచ్చేది. జనం తలలూపేవారు.

ఒకసారి అలా ఫోను అందుకున్న కూతురొకామె ఫ్లాస్కు నిండా వేడి గంజి పట్టుకుని, రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. వచ్చేసరికి నాన్న నున్నగా దువ్వుకుని, కాలరుకు మైకు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఎపిసోడుకు వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. ఎడిటింగ్ గదిలో ఆ చెప్పుల మీదికి వెళ్ళిన క్లోజప్పును ఎంతసేపు నిలపాలా అని లెక్క వేస్తూ వేస్తూ, ఉల్లి మేడమ్ ఉన్నట్టుండి తెర ఆపేసి లేచిపోయింది. ఆ సీజను పూర్తి చేసి ఉద్యోగం మానేసింది. సీజను మధ్యలో మానేయనందుకు తరువాత చాలాకాలం తనను తాను ఏవగించుకుంది.

ఆ తరువాత డాక్యుమెంటరీలు మొదలుపెట్టింది. కొత్తగా మతం మార్చుకున్నవాళ్ళకుండే ఛాందసమంతా ఆమెకు పట్టుకుంది. కల్పించుకోకూడదు, ఆమె మతంలో ఉన్నది ఈ ఒక్క ఆజ్ఞే. ఉన్నది ఉన్నట్టు తీయాలి, మనం లేనట్టు ఉండాలి. టీవీ రోజుల నుంచీ వెంట ఉన్న కెమెరామన్‌ను, పొడుగాటి సన్నటి కాళ్ళ మూలాన, అందరూ ట్రైపాడు అనేవారు. అతనికి ఈ మతం బొత్తిగా వంటబట్టలేదు.

"మేడమ్, ఆ ఎర్ర బకెట్టు సగం ఫ్రేము తినేస్తోంది. కాస్త జరపనా?"

"వద్దు. అది అక్కడుంది కాబట్టి అక్కడుంటుంది."

"మనిషి మొహం కనబడదండీ మరి."

"బకెట్టు కనబడుతుందిగా."

ఇంత నిష్ఠతో ఆమె ఎన్నుకున్న కథ ఇద్దరు అన్నదమ్ములది. ఇద్దరూ దర్జీలు. తండ్రి ఇచ్చిన ఒకే దుకాణం, మధ్యలో చెక్క పలక అడ్డం, వీధిలోకి రెండు తలుపులు. అన్న ప్యాంట్లు కుడతాడు, తమ్ముడు కోట్లు కుడతాడు. ఇద్దరి మధ్యా పదేళ్ళ పైనుంచీ మాటల్లేవు. కనుక సూటు కావాలనుకున్న పెద్దమనిషి ముందు ఒక తలుపులో నడుము కొలత ఇచ్చి, వీధిలోకి వచ్చి, రెండో తలుపులో భుజాల కొలత ఇవ్వాలి. బట్ట మోసేదీ అతనే, కబురు మోసేదీ అతనే. "గుడ్డ జానెడు తగ్గిందని ఆ పక్కాయనకు చెప్పండి" అంటాడు తమ్ముడు. "కోటు పొట్టిగా కుట్టమని ఈ పక్కాయనకు చెప్పండి" అంటాడు అన్న. ఇంతా చేస్తే ఆ ఊళ్ళో అంత చక్కగా అమిరే సూటు ఇంకొకరు కుట్టలేరు.

తగువుకు కారణం రేడియో. అన్నకు కత్తెర పట్టుకుంటే చీమ చిటుక్కుమనకూడదు. తమ్ముడికి పాట లేనిదే మిషను కదలదు. ఒకనాడు అన్న రేడియో తీగ కత్తిరించాడు. అదీ బట్ట కత్తెరతో. తీగ పోయినందుకు తమ్ముడికీ, కత్తెర మొద్దుబారినందుకు అన్నకూ సమానంగా కోపం వచ్చింది. అన్నకు పెళ్ళి కాలేదు, తమ్ముడి భార్య పోయింది. సర్దిచెప్పే ఆడవాళ్ళు ఇద్దరికీ లేరు.

రెండేళ్ళు తీసింది. కెమెరా ముందు ఒకడి గురించి ఒకడు ఎంత ప్రేమగా మాట్లాడుకునేవారో! "కోటు చెయ్యి ఎక్కించడం వాడి తరువాతే ఎవరైనా" అనేవాడు అన్న. "అన్నయ్య మడత పెడితే ఇస్త్రీ కూడా సిగ్గుపడాలి" అనేవాడు తమ్ముడు. ట్రైపాడు చెవిలో గొణిగేవాడు: "అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ చెప్పేస్తే సాయంత్రానికి కలిసిపోతారు మేడమ్. ఇంటికెళ్ళి భోంచేయొచ్చు." ఆమె గుడ్లురిమేది. వాళ్ళంతట వాళ్ళు కలవాలి. అదే సినిమా.

ఒకరోజు తమ్ముడు ఏదో చెప్పి ఆపాడు. ఆమె అలవాటుగా తల పక్కకు వంచి ఊరుకుంది. అతను గొంతు సవరించుకున్నాడు, ముల్లు మింగుతున్నట్టు గుటక మింగాడు. తరువాత చెప్పాడు. గొంతులో గడ్డ. వచ్చే బుధవారం ఆపరేషను. స్వరపేటిక తీసేస్తారట. ప్రాణం దక్కొచ్చు, మాట దక్కదు.

"అన్నయ్యకు చెప్పకండమ్మా. జాలిపడి మాట్లాడితే నాకొద్దు. మామూలుగా, తనంతట తనే, ఒరేయ్ అని పిలవాలి. పిలుస్తాడు చూడండి. ఇంకా వారముందిగా."

చెప్పనని ఆమె మాట ఇచ్చింది.

ఇంటికొచ్చి భర్తకు మాత్రం చెప్పింది. అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"పిలవకపోతే?"

"నేను కల్పించుకోకూడదు. పైగా మాటిచ్చాను."

"పన్ను పుచ్చిందని తెలిసీ ఊరుకుంటే మా దగ్గర దాన్ని నిష్ఠ అనరు."

"నేను కల్పించుకున్న కుటుంబాలన్నీ ఏమయ్యాయో నీకు తెలుసుగా!"

"తెలుసు. ఆ పాపానికి ఇప్పుడు ఈ కుటుంబం చేత ఉపవాసం చేయిస్తున్నావు" అని అతను వెళ్ళి లైటు ఆర్పాడు.

ఆమె రోజూ వెళ్ళి అన్న వైపు కెమెరా పెట్టించి ఎదురుచూసింది. అన్న ప్యాంట్లు కుట్టాడు. ఆదివారం గడిచింది. సోమవారం పలక అవతల తమ్ముడు ఎవరికో కొలతలు చెబుతుంటే ఆ గొంతు మధ్యలో రెండుసార్లు తెగిపోయింది. అన్న సుద్ద గీత ఆపి, విని, మళ్ళీ గీశాడు.

మంగళవారం పొద్దున ట్రైపాడును బయట నిలబెట్టి, కెమెరా లేకుండా, అన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ముప్ఫయ్యేళ్ళ వృత్తిలో కెమెరా లేని గదిలో నిలబడి ఒక మాట చెప్పడం ఆమెకు చేతకాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ తమ్ముడికి ఒంట్లో బాగాలేదండీ."

అన్న తలెత్తాడు. తరువాత, ఆమె ఊహించనట్టుగా, నవ్వాడు.

"ఇన్నాళ్ళకు వచ్చిందన్నమాట. ఎప్పుడొస్తుందా అనుకుంటున్నా."

"ఏమిటండీ?"

"ఆ మాటేనమ్మా! మీ కార్యక్రమం ఒక్క వారం వదలకుండా చూశాను. నాన్నకు బాగాలేదు, అక్కకు బాగాలేదు. పాపం, ఆ పిల్ల గంజి కూడా తెచ్చింది." అతను గోడకున్న అద్దంలో చూసుకుని జుట్టు సరిచేసుకున్నాడు. "కెమెరా ఎక్కడ దాచారు? ఆ కుట్టని ప్యాంట్ల వెనకా?"

"కెమెరా లేదండీ. ఇది నిజం."

"అప్పుడూ అలాగే అనేవారుగా."

"గొంతులో గడ్డ. రేపే ఆపరేషను. రేపటి తరువాత ఆయన మాట్లాడలేరు."

"అబ్బ! దర్జీకి గొంతు! కాస్త చెయ్యి అంటే నమ్మేవాణ్ణి."

తమ్ముడు చెప్పింది తీసిన టేపు బయట కెమెరా పెట్టెలోనే ఉంది. చూపించినా ఎక్కడ కోసి ఎక్కడ అతికారో అంటాడు. ఆమె తల పక్కకు వంచలేదు, ఊరుకోనూ లేదు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి వెళ్ళండి" అంది. నిజంగానే వంగబోయింది. అది చూసి అన్నకు ముచ్చటేసింది.

"బాగా చేస్తున్నారు. సరే, మీ సరదా నేనెందుకు కాదనాలి?" అని కొలకర్ర తీసుకుని చెక్క పలక మీద మూడు దెబ్బలు వేశాడు. "ఒరేయ్! గొంతు పోతోందటగా! టీవీలో పడాలని అంత ఉబలాటంగా ఉంటే నాతో చెబితే సరిపోయేది కదరా!"

అవతల మిషను ఆగింది.

ఒక గీసుకుపోయిన గొంతు, "ఎవరు చెప్పారు?" అంది.

అంతే. కాదనలేదు, ఏమిటని అడగలేదు. కొలకర్ర అన్న చేతిలోంచి జారి బల్ల కిందికి పోయింది. అతను దాన్ని తీయడానికన్నట్టు వంగి, అలాగే స్టూలు మీద కూలబడ్డాడు.

తమ్ముడు వీధిలోంచి చుట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది. అన్న వైపు చూడలేదు.

"మీరు మాట దాచే మనిషని నమ్మి చెప్పానమ్మా మీకు. ఇంక నా బొమ్మ ఎక్కడా వేయొద్దు. తీసిందంతా తుడిచేయండి."

"అలాగేనండీ" అంది ఆమె. రెండేళ్ళ పని ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయింది.

అన్న ఆమె వైపు తిరిగాడు. "ఎన్నింటికట? అడగండి."

"తొమ్మిదింటికని చెప్పండమ్మా" అన్నాడు తమ్ముడు.

"తోడు ఎవరు వెళ్తున్నారట?"

"ఎవరూ అక్కర్లేదని చెప్పండి."

ఇద్దరి మధ్యా చాచిన చెయ్యి అందేంత దూరం. ఇద్దరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు, సూటు గుడ్డ మోసుకొచ్చిన మనిషిని చూసినట్టు. కబురు అందించడానికి ఆమె నోరు తెరిచింది. మూసింది. ఇంకొక్క నిమిషం అక్కడుంటే వాళ్ళు రేపటిదాకా ఇలాగే మాట్లాడుకుంటారని అర్థమై, గుమ్మంలో ఉన్న తమ్ముణ్ణి తప్పించుకుని వీధిలోకి వచ్చేసింది. ఏ కథలోనూ ఆమె ఇంతవరకు చివరి ఘట్టానికి ముందు లేచి రాలేదు.

తమ్ముడు లోపలికి జరిగాడు, అద్దం తలుపు మూసుకుంది. అందులోంచి ఇద్దరూ కనబడుతున్నారు. మాట వినబడదు. తమ్ముడు ఇంకా నిలబడే ఉన్నాడు. అన్న పెదవులు కదిలాయి. ట్రైపాడు అప్పటికే కెమెరా భుజానికి ఎత్తుకున్నాడు.

"మేడమ్, వెలుతురు బంగారంలా ఉంది. నొక్కనా?"

వద్దనాలి. తుడిచేస్తానని మాటిచ్చి ఇంకా అయిదు నిమిషాలు కూడా కాలేదు. వద్దు అనే చిన్న మాట నాలిక చివరిదాకా వచ్చి అక్కడ కూర్చుంది. ఇందుకోసమే రెండేళ్ళు ఎండలో వానలో నిలబడింది. అద్దం అవతల తమ్ముడు ఏదో అన్నాడు, చెయ్యి గొంతు మీద పెట్టుకుని చూపించాడు. అన్న లేచాడు.

"మేడమ్, నొక్కమంటారా వద్దంటారా?"

ఆమె ఏమీ అనలేదు.

లోపలి నుంచి ఒక చెయ్యి పైకి లేచి షట్టరును పట్టుకుని కిందికి లాగింది. పట్టపగలు, బేరాల వేళ, ఆ షట్టరు గరగరమంటూ నేలదాకా దిగింది. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు కనబడలేదు. ట్రైపాడు నిట్టూర్చి కెమెరా దించాడు. తాను వద్దనలేదన్న సంగతి అతనికి కూడా తెలుసుననుకుంటూ, ఆమె ఆ షట్టరు ముందు అలాగే నిలబడిపోయింది.