తెరుచుకోని గృహప్రవేశం

ఒక మనిషి ఎవరి సాయమూ లేకుండా, కేవలం తన తెలివితేటలతో, సాటి మనిషి గృహప్రవేశాన్ని మొత్తంగా మాయం చేయగలడా? చేయగలడని నేను సాక్ష్యం చెబుతాను. ఎందుకంటే చేసినవాణ్ణి నేనే. అప్పటికి నాకు ఇంకా అరవై నిండలేదు. ఇప్పటి నాతో పోలిస్తే కుర్రవాణ్ణి కనుక, కుర్రతనంగానే ప్రవర్తించాను.

ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాల కోసం గోతులు తవ్వుతున్న రోజులవి. నాచారంలోని ఒక కర్మాగారంలో రికార్డుల విభాగం చూసి అప్పుడే పదవీ విరమణ చేశాను. చేతినిండా తీరిక, మెడలో కొత్త డిజిటల్ కెమెరా. కెమెరా కొన్నవాళ్లెవరూ దాని వెంట వచ్చిన పుస్తకం చదవరు. నేను ఎర్రసిరాతో గీతలు గీస్తూ చదివాను. ఫొటోను కెమెరా రెండు రకాలుగా దాస్తుందట. జేపెగ్ అంటే రంగులు తన ఇష్టప్రకారం దిద్ది, కుదించి ఇచ్చేది. రా ఫైలు అంటే కంటపడ్డది పడ్డట్టు, ఏ దిద్దుబాటూ లేకుండా భద్రపరిచేది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే రా అసలు ప్రతి, జేపెగ్ నకలు. ఉద్యోగమంతా నకళ్లను అనుమానిస్తూ బతికినవాడికి ఏది నచ్చుతుందో వేరే చెప్పాలా? రెండూ ఒకేసారి దాచుకునే వీలు కూడా ఉంది. అసలు ఉండగా నకలు దేనికని దాన్ని నిరాకరించాను. నా తర్వాతి కష్టాలన్నీ ఈ ఒక్క నిర్ణయం కడుపున పుట్టినవే.

పుస్తకం చివర సాఫ్ట్‌వేర్ గురించిన పేజీలు మాత్రం చదవలేదు. వ్యాపార ప్రకటన అనుకున్నాను. డబ్బాలో ఉచితంగా వచ్చిన సీడీనీ అదే చూపు చూశాను. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో ఏళ్లుగా ఉండనే ఉంది. అందుచేత ఆ సీడీకి పురికొస కట్టి, మా బాల్కనీలో పావురాలను బెదిరించే ఉద్యోగంలో నియమించాను. అది ఎండకు తళతళలాడుతూ తన విధిని చక్కగా నిర్వర్తించింది.

అంతలో మా వీధి మొదట్లో ఇనుప సామాన్ల దుకాణం నడిపే నర్సింగరావు చెంగిచెర్లలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం ఫొటోలకు ఉప్పల్‌లో స్టూడియో ఉన్న యాదగిరిని మాట్లాడుకున్నాడని తెలిసి, నర్సింగరావును వెంటబెట్టుకుని వెళ్లి అక్కడ విచారణ జరిపాను.

"నువ్వు రాలో తీస్తావా, జేపెగ్‌లోనా?"

"జేపెగ్గే సార్. అందరు గదే తీస్తరు."

"అయితే నువ్వు ఫొటోగ్రాఫర్‌వి కావయ్యా. నకళ్లు రాసే గుమాస్తావి."

యాదగిరి నవ్వాడు. నర్సింగరావు మాత్రం నా ఆవేశానికి లొంగిపోయి, "సార్ గింత జెప్తున్నడంటే ఏదో మతలబు ఉంటది. ఏమనుకోకు అన్నా, సారే తీస్తడు," అని స్టూడియోను రద్దు చేసుకున్నాడు.

ఆ ఉదయం సమస్తమూ సవ్యంగా జరిగింది, ఆవు తప్ప. నున్నటి కొత్త టైల్స్ చూసి అది గడప ముందు మొండికేసింది. ముందు నుంచి ఇద్దరు లాగారు, వెనుక నుంచి ముగ్గురు తోశారు. చివరికి నర్సింగరావు తల్లి మల్లమ్మ గోనెసంచులు పరిపించి, అరటిపండు చూపిస్తూ కొత్త పెళ్లికూతురిని పిలిచినట్టు పిలిచింది. ఆవు లోపలికి నడిచి, హాలు నడుమ నిలబడి, టైల్స్ మీద పేడ వేసింది.

"లచ్చిమొచ్చింది! జల్ది ఫొటో గొట్టు బిడ్డా!" అని మల్లమ్మ నన్ను గదమాయించింది.

కొట్టాను. ఆవును, మల్లమ్మను, ఆ శుభసూచకాన్ని కూడా వదలకుండా కొట్టాను.

ఇంటికి వచ్చి ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, మొదటిదాన్ని తెరవబోయాను. ఈ రకం ఫైలును గుర్తించలేనని సాఫ్ట్‌వేర్ నిష్కర్షగా తెలియజేసింది. రెండోదానికీ అదే సమాధానం. కంప్యూటర్‌ను ఆపి, మళ్లీ వెలిగించి, మర్యాదగా అడిగాను. అదే సమాధానం. అప్పుడు నా ఉద్యోగానుభవం మేల్కొంది. ఆఫీసులో ఫైలు వేరే విభాగానికి చెందినదైతే పైన చీటీ మార్చి పంపేవాళ్లం. ఆ ప్రకారం కూర్చుని, ఒక్కొక్క ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపి జేపెగ్ అని రాశాను. భోజనానికి కూడా లేవలేదు.

మా ఆవిడ వెనుక నిలబడి కాసేపు చూసింది. "ఏమండీ, ఉప్పు డబ్బా మీద పంచదార అని రాస్తే కాఫీలోకి పనికొస్తుందా?"

"నీకు రికార్డుల నిర్వహణ తెలియదు," అన్నాను. కంప్యూటర్‌కూ తెలియదని కాసేపటికి రుజువైంది. రాసిన పేర్లన్నీ మళ్లీ వెనక్కి మార్చాను.

మర్నాడు అభిమానం చంపుకొని, మెమరీ కార్డు జేబులో వేసుకొని, గోతులు తప్పించుకుంటూ ఉప్పల్ వెళ్లాను. యాదగిరి తన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. అదీ గుర్తించలేనంది.

"నీ దానికేం రోగం?" అన్నాను మండిపడి.

"రోగమేం లేదు సార్. మీ కెమెరా మొన్న పుట్టింది. మన సాఫ్ట్‌వేర్ ఎన్నడిదో. సచ్చిపోయిన తాతకు నిన్న పుట్టిన మనుమడు ఎట్ల ఎర్కుంటడు?"

"అయితే కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే?"

"గది పాత కంప్యూటర్ల ఎక్కది. కంప్యూటర్ మార్చాలె. కంప్యూటర్ మారిస్తే మీ పాత ప్రింటర్ దాంతోని మాట్లాడది. ఒక్క ఆవును సూడనీకి ఇల్లంత మార్చాలె సార్."

"ఇది అన్యాయం! కొత్తగా కొన్న వస్తువు పనికిరావడానికి పాత వస్తువులన్నీ పారేయాలా?"

"నన్నడిగితే నేనేం జెప్త సార్? నేను నకళ్లు రాసే గుమాస్తాను. నావి జేపెగ్గులే గని, కనవడ్తయ్."

ఇల్లు చేరేసరికి మా ముందుగదిలో నర్సింగరావు కూర్చుని ఉన్నాడు.

"ఏంది సార్, ఫొటోలు ఏమైనయ్? మా అమ్మ ఊరికి పోతలేదు. ఆవు ఫొటో చేతిల వడ్తేనే బస్సెక్కుతదంట. మా ఇంటామె నన్ను గుర్రుగుర్రున సూస్తుంది."

"ఫొటోలు క్షేమంగా ఉన్నాయి నర్సింగరావు గారూ. కెమెరా వెనుక గోరంత తెర మీద తప్ప, చూడటానికే వీలుకావడం లేదు."

"అయితే మళ్ల జేయాల్నా సార్, గృహప్రవేశం? ఆవు మళ్లొస్తదంటరా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. ఉంటే భరించేవాణ్ణి. అతని ఎదుటే కెమెరా కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. వాళ్లు వినిపించిన సంగీతమంతా విన్నాక ఒక అమ్మాయి పలికింది. పాత సాఫ్ట్‌వేర్‌లను అవమానించే కెమెరాలు తయారుచేయడం గురించి ఆమెకు నా అభిప్రాయం సవివరంగా చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"బాక్సులో ఒక సీడీ వచ్చి ఉంటుంది సార్. రా ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. మీ పాత కంప్యూటర్‌లో కూడా పనిచేస్తుంది. సీడీ ఎక్కడుంది సార్?"

నేను కిటికీలోంచి చూశాను. "బాల్కనీలో."

"బాల్కనీలో ఏం చేస్తోంది సార్?"

"పావురాలను తోలుతోంది."

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. ఈసారి సంగీతం కూడా పెట్టలేదు. "మా వెబ్‌సైట్ నుంచి కూడా దింపుకోవచ్చు సార్," అన్నది చివరికి, గొంతు సర్దుకుని. మా ఇంటి ఇంటర్నెట్ వేగంతో అది దిగేలోపు నర్సింగరావు ఇంటికి రెండోసారి సున్నం వేయాల్సి వస్తుంది. ఫోన్ పెట్టేశాను.

నర్సింగరావు స్టూలెక్కి సీడీని విప్పాడు. ఒకవైపు గీతలు, మరొకవైపు పావురాలు తమ నిరసన తెలిపిన గుర్తులు. మా ఆవిడ దాన్ని సబ్బుతో కడిగి, గీతల మీద టూత్‌పేస్టు రుద్ది, పాత నూలుచీర ముక్కతో తుడిచింది. కంప్యూటర్‌లో పెడితే మిక్సీలో శనగపప్పు వేసినట్టు మోత. రెండుసార్లు బయటికి ఉమ్మేసింది. మూడోసారి మింగింది.

ఆవు ప్రత్యక్షమైంది! ఒక్కొక్క వెంట్రుక లెక్కపెట్టుకోవచ్చు. శుభసూచకం సైతం స్పష్టంగా ఉంది. నర్సింగరావు కళ్లు తుడుచుకున్నాడు. నేను ఛాతీ విరుచుకున్నాను.

"చూశారా? అసలు ప్రతి అంటే ఇదీ!"

"మస్తున్నయ్ సార్. జర వీటిని జేపెగ్‌ల మార్చియ్యిన్రి. ప్రింటు గొట్టాల్నంటే గదే కావాలంట. యాదగిరన్న జెప్పిండు."

మార్చాను. ఒక్కటి కూడా వదలకుండా, నా చేతులతో నేనే, అసళ్లన్నింటికీ నకళ్లు తీశాను. ఆ ఆదివారమే మల్లమ్మ ఆవును ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

కనుక పాఠకుల సమక్షంలో ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ డబ్బాలో వచ్చిన ఏ సీడీకీ, దాని విద్యార్హతలు విచారించకుండా, ఉద్యోగం ఇవ్వను. నకళ్లను నిందించను. ఆ సీడీని ఆనాడే బీరువాలో పెట్టి తాళం వేశాను. అయితే బాల్కనీ ఖాళీ అయిందని కబురు తెలిసి పావురాలు సకుటుంబంగా తిరిగి వచ్చాయి. గత్యంతరం లేక ఆ సీడీకి ఒక నకలు తీసి, అదే పురికొసకు కట్టాను.

పావురాలు తేడా గుర్తించలేదు.